ఊరి యాది పుస్తకం: పోయినవాళ్ల పేర్లు రాసి పెట్టుకోవడం ఎలా?

పెత్రమాస (పెద్దలకు పెట్టుకునే భాద్రపద అమాస) నాడు బియ్యం ఇవ్వడానికి పోతే అయ్యగారు మూడు తరాల పేర్లు అడుగుతాడు. నాన్న పేరు టక్కున వస్తుంది. తాత పేరూ వస్తుంది. ముత్తాత దగ్గరికి వచ్చేసరికి చాలామంది పక్కనున్న వాళ్ల మొహం చూస్తారు. నాయనమ్మ వాళ్లమ్మ పేరు అడిగితే ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఇది ఒక ఇంటి సంగతి. ఊరంతా కలిపి చూస్తే పోయింది ఇంకా ఎక్కువ. చెరువు కట్టకు మట్టి మోసినవాళ్లు, బడికి జాగ ఇచ్చిన మనిషి, ఊర్లో సగం మందికి పురుడు పోసిన మంత్రసాని, బొంబాయికి పనికి పోయి తిరిగి రాని పిల్లగాడు... వీళ్లెవరి పేరూ ఎక్కడా రాసి ఉండదు.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఈ పని ఇప్పుడైనా చేసుకోవచ్చు. ఊరికి ఒక పుస్తకం. మన కళ్ల ముందు, మన పెద్దల కళ్ల ముందు బతికి పోయినవాళ్లందరి పేర్లూ అందులో ఉంటాయి. డబ్బుతో పెద్దగా పని లేదు. ఒక రిజిస్టర్, ఒక ఫోన్, ఓపిక ఉన్న నలుగురు మనుషులు చాలు. ఎనభై దాటినవాళ్లు ఊర్లో ఉండగానే మొదలుపెట్టాలి, తొందర అంటే అదొక్కటే.

ముందు నలుగురు కూడండి

ఒక్కరే మీదేసుకుంటే ఈ పని సగంలో ఆగుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, ఆ ఒక్కరు ఏ వాడ మనిషైతే పుస్తకం ఆ వాడదే అవుతుంది. అందుకే వాడకు ఒక్కరైనా ఉండాలి. ఊరికి ఆనుకొని తండా ఉంటే అక్కడి నుంచి కూడా ఒకరు. తండా ఇప్పుడు వేరే గ్రామ పంచాయతీ అయినా సరే, నిన్నమొన్నటి దాకా బతుకు కలిసే నడిచింది కదా. ఇద్దరు ఆడవాళ్లు తప్పనిసరి. ఎందుకో కింద చెబుతాను. చేతిరాత బాగున్న డిగ్రీ పిల్ల ఒకరు, పాత సార్ ఎవరైనా ఉంటే ఆయన, అంతే.

ఎవరిని అడగాలన్న దగ్గర మా వైపు అందరూ చేసే పని ఒకటుంది. మొదట సర్పంచు ఇంటికి, తర్వాత పెద్ద రైతు ఇంటికి పోతారు. నా మాట వింటే ఆ వరుస తిప్పండి. ఊర్లో ఏ చావుకైనా తప్పకుండా పోవాల్సి వచ్చినవాళ్లు కొందరుంటారు. డప్పు కొట్టినవాళ్లు, చాకలి, మంగలి, గుంత తవ్వినవాళ్లు, కట్టెలు కొట్టినవాళ్లు. ఎవరు ఎప్పుడు పోయిండ్రో, వాన పడిందో ఎండ కాసిందో, దింపుడు కల్లం దగ్గర చెవిలో పేరు పెట్టి ఎవరు పిలిచిండ్రో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వాళ్ల తర్వాత ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్, పెన్షన్లు పంచిన పాత పోస్ట్‌మ్యాన్.

ఇంకొకరున్నారు. కొన్ని కులాలకు వంశాలు చెప్పే మిరాశీవాళ్లు ఉండేవాళ్లు. పద్మశాలీలకు సాధనాశూరులు, మాదిగలకు డక్కలివాళ్లు, గొల్లలకు, కాపులకు పిచ్చకుంట్లవాళ్లు. ఏడాదికో రెండేళ్లకో వచ్చి, కథ చెప్పి, ఇంటివాళ్ల పెద్దల పేర్లు తలిచి, కట్నం తీసుకొని పోయేవాళ్లు. మీ ఊరికి ఇంకా వచ్చే కుటుంబం ఉంటే కబురు పెట్టండి. వచ్చినప్పుడు రికార్డు చేసుకోండి. ఊరికే చెప్పించుకోవద్దు, కట్నం ఇవ్వండి. అది వాళ్ల బతుకుతెరువు.

పని మొదలుపెట్టే కాలం కూడా చూసుకోవాలి. పంచాయతీ ఎన్నికల ముందు పుస్తకం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగితే ఏ పార్టీ వాళ్లు పంపిండ్రని అడుగుతారు. రైతులు కోతల మీద ఉన్నప్పుడు పోతే ఇంట్లో ఎవరూ ఉండరు. యాసంగి కోతలు అయిపోయి వానలు పడేలోపు, మధ్యాహ్నం పూట, చెట్టు కింద మనుషులు దొరుకుతారు.

మొదటి రోజే చెప్పాల్సిన మాట

జనానికి సర్వే అంటే భయం. పుస్తకం, పెన్ను కనబడగానే "పింఛన్ కట్ అయితదా?" అంటారు. అంతకన్నా పెద్ద భయం భూమిది. పోయినవాళ్ల పేరు, వాళ్ల పిల్లల పేర్లు రాస్తున్నారంటే ఫౌతీ (పోయినవాళ్ల భూమిని వారసుల పేరు మీదికి మార్చడం) గురించేనేమో అనుకుంటారు. రెండో పెళ్లి ఉన్న ఇల్లు, అన్నదమ్ముల పంపకం తెగని ఇల్లు అయితే మీతో మాట్లాడటానికే టెన్షన్ పడతారు.

కాబట్టి ముందే ఒట్టు పెట్టుకున్నట్టు చెప్పండి: ఆధార్ నంబర్ అడగం, సర్వే నంబర్ అడగం, ఎవరికి ఎంత వచ్చిందో అడగం. పుస్తకం మొదటి పేజీలోనే ఈ మాట రాయండి: "ఇది యాది కోసం రాసుకున్న పుస్తకం. ఆస్తి తగాదాలకు, కోర్టుకు, ఆఫీసుకు ఇది సాక్ష్యం కాదు." చదివి వినిపించండి. పిల్లల జాబితా రాయకపోతేనే మంచిది. ఆ మనిషి గురించి చెప్పిన కొడుకో బిడ్డో పేరు చాలు.

ఎంత వెనక్కి పోవాలి

దీనికి ఒక లెక్క పెట్టుకోకపోతే కాకతీయుల దాకా పోతామంటారు కొందరు. ఈ రోజు బతికున్న మనిషి ఎవరైనా కళ్లతో చూసినవాళ్లయితే రాయాలి. విన్నవాళ్లను వెనక పేజీల్లో విడిగా రాసుకోండి. తొంభై ఏళ్ల అవ్వ తన చిన్నప్పుడు చూసిన ముసలాయన పేరు చెబితే, ఆయన దాదాపు నూటయాభై ఏళ్ల కింద పుట్టినవాడు అవుతాడు. అంత దూరం చాలు.

రిజిస్టర్ ఎలా ఉండాలి

లాంగ్ సైజు, గట్టి అట్ట, కుట్టిన బైండింగ్. స్పైరల్ వద్దు, రెండేళ్లకు కాగితాలు ఊడతాయి. జెల్ పెన్ను రాత తడి తగిలితే పారుతుంది కాబట్టి మామూలు బాల్‌పెన్ వాడండి. మనిషికి ఒక పేజీ ఇవ్వండి. ఇప్పుడు రెండు లైన్లే దొరికినా, రేపు దుబాయ్‌లో ఉన్న మనవడు ఫోన్ చేసి ఇంకో ముచ్చట చెబుతాడు.

ఏ వరుసలో రాయాలన్నది చిన్న విషయంలా కనబడుతుంది కానీ గొడవ ఇక్కడే వస్తుంది. గుడి దగ్గర నుంచి మొదలుపెడితే మాదిగవాడ చివరికి పోతుంది. పెద్ద ఇళ్ల నుంచి మొదలుపెట్టినా అంతే. ఇంటిపేర్లను అ, ఆ, ఇ, ఈ వరుసలో పెట్టేయండి. ఎవరూ ఎవరి ముందూ కాదు, ఎవరూ ఎవరి వెనకా కాదు. శ్మశానాలు కులానికొకటిగా ఉన్న ఊర్లో ఈ పుస్తకమైనా ఒక్కటిగా ఉండాలన్నది నా పట్టుదల.

ఒక్కో పేజీలో ఇవి ఉండాలి: కాగితాల మీద ఉన్న పేరు, ఊర్లో పిలిచిన పేరు, ఇంటిపేరు, అమ్మానాన్నల పేర్లు, ఎక్కడ పుట్టిందీ, అందాజగా ఎప్పుడు పుట్టిందీ, ఎప్పుడు పోయిందీ, ఏ పని చేసిందీ, ఎక్కడ పూడ్చిందీ లేక కాల్చిందీ. చివర చెప్పినవాళ్ల పేరు, రాసిన తేదీ. మిగిలిన పేజీ అంతా ముచ్చట కోసం.

పిలిచిన పేరు విషయంలో కొంచెం జాగ్రత్త. ఊర్లో నలుగురు మల్లయ్యలుంటే ఒకరు కుంటి మల్లయ్య, ఒకరు పొట్టి మల్లయ్య అవుతారు. ఆ పేరు లేకపోతే ఎవరో ఎవరికీ తెలియదు, రాస్తే మనవళ్లకు బాధ. ఇంటివాళ్లను అడగండి. వాళ్లు వద్దంటే పని పేరుతోనో జాగ పేరుతోనో రాయండి: ఈతచెట్ల కాడి మల్లయ్య, మోటబాయి మల్లయ్య. ఒక్కోసారి ఇంటివాళ్లే "అట్లనే రాయిరి, మా నాయిన అట్లంటేనే పలికేటోడు" అంటారు. అప్పుడు అట్లాగే రాయండి.

ముచ్చట ఎలా రాబట్టాలి

పుస్తకానికి ప్రాణం ఇదే. "ఆయన ఎట్లాంటివాడు?" అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "దేవుడసొంటోడు." అందరూ దేవుళ్లే అయితే పుస్తకంలో మనుషులు మిగలరు.

చేతుల గురించి అడగండి. ఏ బావి తవ్విండు? ఎవరింటికి దూలాలు చెక్కిండు? నాగలి కర్ర ఏ చెట్టుతో చేసేటోడు? తేలు కుడితే ఎవరి దగ్గరికి పోయేది? పెండ్లిళ్లకు వంట ఎవరు చేసేది, ఆమె పప్పులో ఏం వేసేది? నోటి గురించి అడగండి. కోపమొస్తే ఏమని తిట్టేది? పిల్లలను ఏమని పిలిచేది? ఏ పాట పాడేది? కాళ్ల గురించి అడగండి. కురుమూర్తి జాతరకు పోయేదా, చెరువుగట్టుకా, జాన్‌పహాడ్ దర్గాకా? బండి కట్టుకొనా, నడిచా? ఎవరెవరు కలిసి పోయేవాళ్లు? ఇలా అడిగితే అరగంటలో మనిషి లేచి కూర్చుంటాడు.

చెడ్డ సంగతులు కూడా వస్తాయి. తాగేవాడు, పెళ్లాన్ని కొట్టేవాడు, అప్పు ఎగ్గొట్టినవాడు. ఇవన్నీ రాయాలా? ఊరి పుస్తకంలో రాయక్కర్లేదు, అబద్ధమూ రాయొద్దు. కొట్టేవాడని నలుగురూ చెప్పిన మనిషిని "శాంతమూర్తి" అని రాస్తే ఆయన భార్య ఆ పేజీ విని ఏమనుకుంటుంది? చేసిన పని రాసి ఊరుకోండి.

శోకాల గురించి ఒక మాట. మన ఆడవాళ్లు శవం దగ్గర శోకం పెట్టి ఏడుస్తారు కదా, ఆ ఏడుపులో పోయిన మనిషి బతుకంతా ఉంటుంది. ఏం తిన్నాడు, ఏం తినకుండా పోయాడు, ఎవరికి పెట్టాడు, ఏ కోరిక తీరలేదు. పేపర్లో వేయించే శ్రద్ధాంజలి ప్రకటన కంటే ఆ శోకం ఎన్నో రెట్లు నిజం. అయితే చావింట్లో ఫోన్ తీసి రికార్డు చేయడం మాత్రం వద్దే వద్దు. దినాలు అయ్యేదాకా ఆ ఇంటికి పుస్తకంతో పోకండి. తర్వాత ఎప్పుడైనా, మీ జట్టులోని ఆడవాళ్లు పోయి, "ఆ రోజు అవ్వ గురించి ఏమేమి చెప్పుకొని ఏడ్చినవ్?" అని అడగాలి. ఉత్తగ శోకం పెట్టమంటే ఇంటికి మంచిది కాదని ఒప్పుకోరు. మామూలు మాటల్లో చెప్పమంటే చెబుతారు. మగవాళ్లు అడిగితే సిగ్గుపడి లేచిపోతారు. ఇద్దరు ఆడవాళ్లు తప్పనిసరి అన్నది అందుకే.

రికార్డు చేసేటప్పుడు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, ఫ్యాన్ ఆపండి. మొదట మీరే తేదీ, ఊరు, చెప్పేవాళ్ల పేరు పలకండి. ఆ తర్వాత వీలైనంత తక్కువ మాట్లాడండి.

తేదీలు దొరికేది ఇలా

"ఎప్పుడు పోయిండు?" అంటే "శానా ఏండ్లాయె" అంటారు. ఊరికి తెలిసిన పెద్ద సంగతులను కొలతగా పెట్టుకోండి. రజాకార్ల లొల్లి, యూనియన్ మిలట్రీ వచ్చిన 1948 సెప్టెంబర్. పాలమూరు వైపు అయితే జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోయిన 1956. సాగర్ కాల్వలకు నీళ్లు వదిలిన 1967. జై తెలంగాణ అని బడులు బంద్ పెట్టిన 1969. 1972 కరువు. ఎన్టీఆర్ గెలిచిన 1983. కృష్ణకు, తుంగభద్రకు వరద వచ్చి అలంపూర్ మునిగిన 2009. కరోనా మొదటిసారి 2020, రెండోసారి 2021. వీటికి ముందా, వెనకా అని అడిగితే కొంత దగ్గరికి వస్తారు.

ఇంకో తీరు: "ఆయన పోయినప్పుడు మీ పెద్దోడు ఎంత ఉండె?" "అప్పుడే నడక నేర్చిండు." ఆ పెద్దోడి పుట్టిన ఏడు తెలిస్తే సరిపోయింది. పదో తరగతి సర్టిఫికెట్ మీద తేదీని మాత్రం గుడ్డిగా నమ్మకండి. మన ఊర్ల బడుల్లో పేరు రాసుకున్న సార్ చేతి చలవతో పిల్లల్లో సగం మంది జూన్ ఒకటినో జులై ఒకటినో పుట్టి ఉంటారు.

తేదీ మరిచినా తిథి మరవని ఇళ్లు చాలా ఉంటాయి, ఏటా పెట్టుకోవాలి కాబట్టి. "పోలాల అమాస పోయిన మూడో నాడు" అంటే అది భాద్రపద శుద్ధ తదియ. ఏ సంవత్సరమో తెలిస్తే పాత పంచాంగంలోనో, ఫోన్‌లోని పంచాంగం యాప్‌లోనో ఇంగ్లీషు తేదీ దొరుకుతుంది. అధిక మాసం వచ్చిన ఏడైతే ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

కాగితాలు కూడా ఉన్నాయి. గ్రామ పంచాయతీలో జనన మరణాల రిజిస్టర్ ఉంటుంది. 1969లో వచ్చిన చట్టం ప్రకారం చావును 21 రోజుల్లో చెప్పి రాయించాలి. అయినా పాత రోజుల్లో ఎంతోమంది రాయించలేదు కాబట్టి అందులో పేరు లేదంటే చావే జరగలేదని కాదు. కార్యదర్శిని మర్యాదగా అడిగి, ఆయన ముందే కూర్చొని చూసుకోండి. క్రైస్తవ కుటుంబాలవైతే చర్చి రిజిస్టర్‌లో సమాధి చేసిన తేదీ దొరుకుతుంది. నిజాం కాలపు కాగితం దొరికితే దాని మీద ఫస్లీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలపండి. ఫస్లీ 1357 అంటే 1947 అక్టోబర్ నుంచి మొదలైన ఏడు. ఖబ్రస్తాన్‌లో రాళ్ల మీద హిజ్రీ ఉంటుంది, దాన్ని మసీదులో చదివించుకోండి. జిల్లా పేర్లు చూసి కంగారు పడకండి. 2016లో జిల్లాలు విడిపోక ముందు వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ అన్నీ మహబూబ్‌నగర్ కిందే, సూర్యాపేట, భువనగిరి నల్లగొండ కిందే. మండలాలు వచ్చింది 1985లో, అంతకు ముందు తాలూకాలు.

ఎంత వెతికినా దొరకకపోతే "1972 కరువు తర్వాత, ఎన్టీఆర్ రాకముందు" అని రాసేయండి. ఊహించి తేదీ వేయకండి.

తప్పిపోయేవాళ్లు

మొదటి చుట్టు తిరిగి వచ్చాక పుస్తకం తెరిచి చూస్తే భూమి ఉన్న మగవాళ్లే ఎక్కువ కనబడతారు. మిగిలినవాళ్ల కోసం రెండో చుట్టు తిరగాలి.

ఆడవాళ్ల సంగతి: మన దగ్గర కోడలిని అవ్వగారి ఊరి పేరుతో పిలుస్తారు. దేవరకొండామె, చింతపల్లామె, కల్వకుర్తామె. నలభై ఏళ్లు అట్లా పిలిచాక అసలు పేరు ఆమె మనవలకు కూడా తెలియదు. అప్పుడు ఆ ఊరికే ఫోన్ చేయాలి. అన్నదమ్ముల పిల్లలకు మేనత్త పేరు తెలిసి ఉంటుంది. "ఫలానా ఆయన భార్య" అని పేజీ మూసేయకండి. పాత రేషన్ కార్డు, ఓటరు జాబితా, డ్వాక్రా సంఘం పుస్తకం చూసినా పేరు దొరుకుతుంది.

పసిపిల్లలు: ముసలి అవ్వను పిల్లలెంతమంది అని అడిగితే "ఏడుగురు, నలుగురే దక్కిండ్రు" అంటుంది. దక్కని ముగ్గురినీ రాయండి. పేరు పెట్టకముందే పోతే "ఆడపిల్ల, పురిట్లో" అని రాయండి. తల్లి లెక్కలో ఉన్న బిడ్డ ఊరి లెక్కలో కూడా ఉండాలి.

వలస పోయినవాళ్లు: పాలమూరు లేబర్ లేకుండా దేశంలో కట్టిన ఆనకట్ట అరుదు. బొంబాయి, పూణె, భీవండి, సూరత్ దాకా పోయినవాళ్లలో కొందరు అక్కడే పోయారు. శవం కూడా ఊరికి రాలేదు, వాళ్లకు ఇక్కడ సమాధి లేదు, రిజిస్టర్‌లో పేరు లేదు. గుంపు మేస్త్రీలు, వాళ్ల కొడుకులు ఇంకా ఉంటే వాళ్లను అడగండి. ఏ డ్యామ్ దగ్గర, ఏ సొరంగంలో, ఏ ఏడు అన్నది వాళ్లకు గుర్తుంటుంది.

చెప్పుకోలేని చావులు: పురుగుల మందు తాగినవాళ్లు, ఉరి వేసుకున్నవాళ్లు, రోగం పేరు ఇంట్లో పలకనివాళ్లు. పేజీలో చావుకు కారణం అనే గడి పెట్టకపోవడమే దీనికి మందు. ఇంటివాళ్లు తమంతట తాము చెప్పి రాయమంటే రాయండి. నల్లమల పక్క ఊర్లలో ఎన్‌కౌంటర్లలో పోయినవాళ్లు ఉంటారు, ఇన్‌ఫార్మర్ అన్న పేరు మీద చంపబడ్డవాళ్లూ ఉంటారు. ఇద్దరి తల్లులూ ఒకే బోరింగ్ దగ్గర నీళ్లు పట్టుకున్నారు. ఇద్దరి పేర్లూ రాయండి, ఎవరు తప్పో రాయకండి. సాయుధ పోరాటంలో పోయినవాళ్ల స్థూపం ఊర్లో ఉంటే దాని మీది పేర్లు ఎక్కించుకోండి. రంగు వేసిన ప్రతిసారీ అక్షరాలు మారుతుంటాయి కాబట్టి ఇంటివాళ్లను అడిగి సరిచేయండి.

ఫోటోలు

చాలామందికి ఉన్నది ఒకటే ఫోటో, అదీ ఎవరిదో పెండ్లి ఫోటోలోంచి కత్తిరించి పెద్దది చేయించింది. అసలు ఫోటో ఎవరింట్లో ఉందో కనుక్కోండి, అందులో పక్కన ఇంకో నలుగురు దొరుకుతారు. ఫోటోనే లేదంటే పాత పట్టాదారు పాసు పుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు, బ్యాంకు పుస్తకం, కుటుంబమంతా ఉన్న పాత రేషన్ కార్డు చూడండి.

ఫ్రేమ్ లోంచి పాత ఫోటోను పీకకండి. తడికి అద్దానికి అతుక్కొని ఉంటే మొహం చిరిగి వస్తుంది. గుమ్మం నీడలో నిలబెట్టి, ఫ్లాష్ లేకుండా, మెరుపు పడకుండా కొంచెం పక్కకు వంచి అద్దం మీది నుంచే తీయండి. ఇంటివాళ్ల ఫోటోను మీతో తీసుకుపోవద్దు. "రేపు ఇస్త" అన్న ఫోటో తిరిగి రాదని ఊర్లో అందరికీ తెలుసు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే నాణ్యత పోతుంది. ఫోటో వెనక పేరు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తోనే.

చోట్లు

సమాధి ఎక్కడుందో రాసుకోవడం ఇప్పుడు మరీ ముఖ్యం. సొంత చెల్కలో అమ్మానాన్నలకు సమాధి కట్టుకోవడం మన దగ్గర మామూలే. తర్వాత ఆ చెల్క అమ్ముతారు, ప్లాట్లవుతుంది, సమాధి పోతుంది. చర్లగూడెం, కిష్టరాయినిపల్లి, ఉదండాపూర్ లాంటి రిజర్వాయర్ల కింద పోయే ఊర్లకైతే సమాధులే కాదు, శ్మశానమంతా నీళ్ల కిందికి పోతుంది. అంతకు ముందు శ్రీశైలం వెనక నీళ్లలో అట్లా పోయిన ఊర్లు ఎన్నో ఉన్నాయి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, సమాధి దగ్గర నిలబడి, ఆ చోటును సేవ్ చేసి, అంకెలను పేజీలో రాయండి. పక్కనే ఉన్న గుర్తు కూడా రాయండి: వేపచెట్టుకు తూర్పున, పాత మోటబాయి పక్కన.

ఊరి బయట కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ చెక్కిన రాయి ఉందేమో చూడండి. అది వీరగల్లు కావచ్చు. పసుపు, సున్నం పూసి దేవుడిగా కొలుస్తుంటారు. ఎప్పుడో ఊరి కోసమో పశువుల కోసమో పోరాడి చచ్చిపోయిన మనిషి ఆయన. పేరు తెలియకపోయినా పుస్తకంలో మొదటి ఫోటో ఆయనదే పెట్టుకోవచ్చు. రాయిని కదిలించకండి. రాత ఉంటే ఫోటో తీసి, నల్లగొండ పక్కనున్న పానగల్ మ్యూజియంలోనో, జిల్లాలో చరిత్ర పని చేసేవాళ్ల దగ్గరో చూపించండి.

చదివే రోజు

రాసి బీరువాలో పెడితే లాభం లేదు. ఏడాదికి ఒకసారి పేర్లన్నీ పైకి చదవాలి. పెత్రమాస బాగుంటుంది. పొద్దున ఇండ్లల్లో పెద్దలకు పెట్టుకుంటారు, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మకు ఆడవాళ్లంతా బయటికి వస్తారు. ఆ రెండింటి నడుమ, నాలుగు గంటలకు, బడి ముందో పంచాయతీ ముందో కూర్చోవచ్చు. అయితే ఇది ఒక్కరి పండుగ రోజు. ముస్లింలు షబే బరాత్ రాత్రి ఖబ్రస్తాన్‌కు పోతారు, క్రైస్తవులు నవంబర్ 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెడతారు, తండాలో దీపావళికి పెద్దలను తలుచుకుంటారు. ఊర్లో అందరూ ఉంటే వాళ్లను కూడా అడిగి రోజు పెట్టుకోండి. దసరా మర్నాడు పెట్టుకుంటే పట్నం పోయినవాళ్లంతా ఊర్లోనే దొరుకుతారు, అది ఏ మతానికీ ఇబ్బంది ఉండదు.

పేరు, పిలిచిన పేరు, పోయిన ఏడు, అంతే చదవండి. ముచ్చట్లు చదవడం మొదలుపెడితే రాత్రవుతుంది. చదివేది పిల్లలు అయితే మేలు. మైకు సర్పంచు చేతికి ఇవ్వకండి, మాజీ సర్పంచు చేతికి కూడా ఇవ్వకండి. ఫ్లెక్సీ వద్దు. ఎండకు వానకు నాలుగు నెలల్లో వెలిసిపోతుంది, పైగా ఎవరి ఫోటో పెద్దది అన్న పంచాయితీ ఒకటి. చదివేటప్పుడు తప్పకుండా ఎవరో లేచి "మా చిన్నాయిన పేరు రాలే" అంటారు. పక్కన ఒక నోట్‌బుక్ పట్టుకొని ఒకరు కూర్చోవాలి.

కాపీలు, తర్వాతి లెక్క

చేతి పుస్తకం ఒక్కటే ఉంటే చెదలకో వానకో పోతుంది. ప్రతి పేజీని ఫోన్‌తో స్కాన్ చేసి రెండు చోట్ల దాచండి. ఒకటి గూగుల్ డ్రైవ్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో. డ్రైవ్ పాస్‌వర్డ్ కనీసం ముగ్గురికి తెలిసి ఉండాలి. అచ్చు వేయించాలనుకుంటే డీటీపీ సెంటర్‌లో యూనికోడ్‌లో టైప్ చేయమని ముందే చెప్పండి. పాత అను ఫాంట్లలో కొడితే ఆ ఫైల్ మీ ఫోన్‌లో తెరుచుకోదు, రేపు ఒక పేరు కలపాలన్నా మళ్లీ అక్కడికే పోవాలి. అచ్చు కాపీ ఒకటి బడికి, ఒకటి పంచాయతీకి, ఒకటి మండలంలో లైబ్రరీ ఉంటే దానికి ఇవ్వండి. బయటికి ఇచ్చే కాపీలో ఇంటివాళ్లు వద్దన్న ఫోటోలు, ముచ్చట్లు తీసేయండి. అసలు రిజిస్టర్ ఒకే ఇంట్లో ఉండిపోకుండా ఏటా చదివే రోజున ఒక వాడ నుంచి ఇంకో వాడకు మార్చండి. తీసుకున్నవాళ్లు సంతకం పెట్టాలి.

కొత్తగా పోయినవాళ్ల పేజీ దినాలు అయ్యాక నెలలోపు రాయాలి, ముచ్చట ఏడాది మాసికం దాకా ఆగినా పర్వాలేదు. ప్రతి ఉగాదికి పంచాయతీ రిజిస్టర్‌తో ఒకసారి సరిచూసుకోండి. ఆ ఏడు ఊరి బయట, హైదరాబాద్ ఆసుపత్రుల్లో పోయినవాళ్ల పేర్లు ఆ రిజిస్టర్‌లో ఉండవు, ఆసుపత్రి ఉన్న చోటే నమోదవుతాయి. వాళ్ల కోసం విడిగా ఒక జాబితా రాసుకోండి.